డాక్యుమెంటులో అసలు ధర

మా బాపు ఎకరం పొలం అమ్మిన ఏడాది మా ఇంట్లో ఎవరూ ఎవరినీ నమ్మలేదు. అందరికంటే ఎక్కువ అనుమానపడ్డవాణ్ణి నేనే. దాచిపెట్టిన సంగతి ఉన్నదీ నా దగ్గరే.

మాది చేవెళ్ల మండలం ఆలూరు. మూడెకరాల్లో క్యారెట్, చామంతి పండించేవాళ్లం. హైదరాబాదులో అద్దాల మేడలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్న రోజులవి. వాటిలో ఉద్యోగాలు చేసేవాళ్లు శని, ఆదివారాల్లో కార్లేసుకుని మా రోడ్డు వెంట వచ్చేవాళ్లు. పొలం పక్కన కారు ఆగితే చాలు, అది ఎవరి పొలమో, ఎంతకు పోయిందో సాయంత్రానికల్లా ఊరంతా చెప్పుకునేది. నేను డిగ్రీ పూర్తి చేసి, మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫీజు కౌంటర్ మీద కూర్చునేవాణ్ణి. జీతం నాలుగున్నర వేలు. నా వయసు పిల్లలు కౌంటర్ అవతల నిలబడి నా ఏడాది జీతాన్ని ఒక్క డీడీ కింద కట్టి పోయేవాళ్లు.

నా చిన్నప్పుడు బాపుకు కామెర్లు ముదిరి మిషన్ దవాఖానలో నెల రోజులు ఉన్నాడు. బతికి బయటపడ్డాక ప్రభువును నమ్ముకున్నాడు. ఇంట్లో నమ్ముకున్నది ఆయనొక్కడే. అమ్మ తన దేవుళ్లకు తాను మొక్కుకునేది. నేను ఆదివారం బాపుతో చర్చికి పోయేవాణ్ణి, బోనాలప్పుడు అమ్మ వెనక నడిచేవాణ్ణి.

డబ్బు దగ్గర బాపుకు ఒక పద్ధతి ఉండేది. క్యారెట్ పైసలు చేతికి రాగానే ముందు పదో వంతు తీసి కానుకల కవరులో పెట్టేవాడు. ఆ తర్వాత విత్తనాలకు, ఆ తర్వాతే ఇంటి ఖర్చుకు.

"ఈ పైసలు నాయి కావు బిడ్డా. దేవుడు జర చూసుకొమ్మని నా చేతికి ఇచ్చిండు. రేపు ఆయన అడిగితే లెక్క చెప్పేటట్టు ఉండాలె" అనేవాడు.

అమ్మకు ఆ కవరు మీద ఎప్పుడూ అనుమానమే. "మీ దేవునికి చేరుతున్నదో, పాస్టరు ఇంటికి చేరుతున్నదో ఎవలు చూసిండ్రు?" అనేది. బాపు నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే అమ్మకు అనుమానం ఇంకా పెరిగేది.

అప్పంటే గిట్టని ఆ మనిషికే వరసగా రెండు బోర్లు ఫెయిలయ్యాయి. సొసైటీలో తెచ్చిన అప్పుకు వడ్డీ పెరిగిపోయింది. చివరికి రోడ్డు వైపు ఎకరం అమ్మి అప్పు తీర్చి, మిగిలిన రెండెకరాలు బాగుచేసుకుందామని బాపే అన్నాడు.

ఆ మాట బయటికి పొక్కిన రెండో రోజే మధ్యవర్తి వచ్చాడు. పక్క ఊరాయన. అంతకుముందు ఎరువుల దుకాణం నడిపేవాడు. భూముల ధరలు పెరిగాక దుకాణం తమ్ముడికి అప్పగించి, తెల్ల చొక్కా, రెండు ఫోన్లతో తిరగడం మొదలుపెట్టాడు. బాపును 'పెద్దాయనా' అనీ, నన్ను 'తమ్మీ' అనీ పిలిచేవాడు.

"సిటీ పార్టీ ఉన్నది పెద్దాయనా. సాఫ్ట్‌వేర్ల పెద్ద నౌకరి. ఎకరానికి పద్దెనిమిది లక్షలు ఇప్పిస్త. ఇంతకంటె ఎక్కువ ఈ రోడ్డు మీద ఎవలకు రాలే" అన్నాడు.

ఆ మాట నిజమే. అప్పటికి మా పక్కన ఎవరికీ పదహారు దాటలేదు.

వారం తర్వాత ఆయన మా కాలేజీ గేటు దగ్గరికి వచ్చి నన్ను బయటికి పిలిచాడు. నా జేబులో పది వేలు పెట్టాడు.

"మీ బాపు మంచి మనిషే గని, ఒక్కొక్కసారి మొండికేస్తడు తమ్మీ. జర మెత్తబడేటట్టు నువ్వు చెప్పాలె. రిజిస్ట్రీ అయినంక ఇంకో పది."

తీసుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. ఆ వారమే మెహిదీపట్నం వెళ్లి కెమెరా ఉన్న రంగుల ఫోను కొన్నాను.

మధ్యవర్తి బయానా కింద యాభై వేలు తెచ్చిన రోజున కొనేవాడు వెంట రాలేదు. కాగితం మీద ఆయన సంతకం, హైదరాబాదు అడ్రసు ముందే ఉన్నాయి. బాపు కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"కొనేటాయన రాలేదా?"

"ఆయన మస్తు బిజీ పెద్దాయనా. బెంగళూరు పోయిండు."

"పద్దెనిమిది అని ఇండ్ల రాయలే గద?"

"ఇండ్ల ఎందుకు రాస్తరు? రిజిస్ట్రీల అయిదు లక్షలు రాస్తం. మిగిలిన పదమూడు నీ చేతుల నగదు పెడ్త. అందరు చేసేది అదే. నీకేం నష్టం లేదు."

బాపు కాగితం మడిచి మంచం మీద పెట్టాడు. "నాకు వచ్చింది ఎంతో అంతే రాయాలె. తక్కువ రాస్తె నేను సంతకం పెట్ట."

మధ్యవర్తి నవ్వాడు. బాపు బేరం పెంచుతున్నాడనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను.

"ఎందుకట్ల బాపూ? ఊరందరు చేస్తున్నరు గద?" అన్నాను. పది వేలు తీసుకున్న గొంతు అది.

"ఊరి సంగతి నాకెందుకు? ఆదివారం నలుగురి ముందు ప్రార్థన చేసేది ఈ నోరే. సోమవారం ఆఫీసుల నిలబడి, అయిదే ముట్టిందని ఇదే నోటితోని చెప్పాల్నా?"

మధ్యవర్తి వెళ్లిపోయాక అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. ఆమె లెక్క ఆమెకుంది. "ఇప్పుడు తెలిసింది. అంతా కాయితం మీద కనవడితె, పదో వంతు మొత్తం మీద కట్టియ్యొచ్చు. పాస్టరే చెప్పి ఉంటడు" అంది. నాకూ అది నిజమే అనిపించింది. ఆ ఆదివారం చర్చిలో పాటలు పాడుతున్నంతసేపూ నేను పాస్టరు గారి చొక్కాను, చెప్పులను, గోడకు ఆనించిన ఆయన పాత సైకిలును చూస్తూ కూర్చున్నాను.

మూడు రోజుల తర్వాత బాపు పోస్టాఫీసులో ఇన్‌లాండ్ లెటరు కొనడం మా పక్కింటాయన చూసి నాకు చెప్పాడు. మాకు ఉత్తరాలు రాయాల్సిన వాళ్లెవరూ లేరు. ఎవరికి రాశావని అడిగితే, "ఒక పని ఉండె" అన్నాడంతే. దాచడం తెలియని మనిషి మాట దాస్తున్నాడని నాకు రాత్రింబవళ్లు అదే ఆలోచన.

తర్వాతి శనివారం పదకొండు గంటలప్పుడు టీ తాగుదామని మొయినాబాద్ బస్టాండు వైపు వచ్చాను. అక్కడి ఇరానీ హోటల్లో కిటికీ పక్కన బాపు కనిపించాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఎదురుగా ఇద్దరు పట్నం మనుషులు కూర్చున్నారు. ఒకాయన చేతిలో మా బయానా కాగితం జిరాక్స్ ఉంది. బయట వాళ్ల కారు నిలబడి ఉంది, డ్రైవర్ ఇంజన్ ఆపలేదు. అంటే వాళ్లు కూడా మా బాపును నమ్మి వచ్చినట్టు లేదు.

నేను తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. బాపు మధ్యవర్తిని తప్పించి నేరుగా బేరం చేసుకుంటున్నాడు. ఎక్కువ పైసలు తెచ్చి మాకు తెలియకుండా చర్చిలో పెడతాడు. నాకు రావాల్సిన రెండో పది వేలు పోతాయి. ఈ మూడు ఆలోచనలూ ఒకేసారి వచ్చాయి. మూడోది అన్నిటికంటే ముందు వచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

రోడ్డు దాటి, కొత్త ఫోను తీసి, మధ్యవర్తికి ఫోన్ చేశాను. సొంత తండ్రి ఎక్కడ, ఎవరితో కూర్చున్నాడో చెప్పేశాను.

మరునాడు మధ్యాహ్నం, మేం చర్చి నుంచి వచ్చేసరికే ఆయన మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"ఇది మంచిగ లేదు పెద్దాయనా. పార్టీని తెచ్చింది నేను. నా వెనక నువ్వు మాట్లాడుడేంది?"

"మాట్లాడిన. ఒక్క మాటే అడిగిన, ఒక్క మాటే చెప్పిన. మిగిలింది రిజిస్ట్రీ నాడు చెప్త" అన్నాడు బాపు.

"ఏం అడిగినవ్?"

"రిజిస్ట్రీ నాడు చెప్త."

ఆయన నా వైపు చూశాడు. నేను చెప్పుల వైపు చూశాను. బాపు మా ఇద్దరినీ చూశాడని నాకు అప్పుడు తెలియలేదు.

రిజిస్ట్రీకి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆ పన్నెండు రోజులూ ఇంట్లో అన్నం పెట్టు, నీళ్లు తే అనే మాటలు తప్ప వేరే మాట లేదు. అమ్మ బాపు చొక్కా జేబులు వెతికింది. నేను ఆయన ట్రంకు పెట్టె తెరిచి చూశాను. సొసైటీ రశీదులు, నా పదో తరగతి మెమో తప్ప ఏమీ లేవు. ఏమీ దొరకకపోయేసరికి, కొనేవాళ్లతో రాసుకున్న కాగితాలు ఇంకెక్కడో దాచాడనుకున్నాను.

ఒక పొద్దున పొలంలో క్యారెట్ కడుగుతున్నాం. నా జేబులో ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేశాక బాపు అడిగాడు.

"ఆ ఫోను యాడికెళ్లి వచ్చింది బిడ్డా?"

"ఆఫీసుల అడ్వాన్సు తీసుకున్న."

"ఎంత?"

"ఏడు వేలు."

"నెల నెల కోస్తరా?"

"ఆ. కోస్తరు."

బాపు తలాడించి మళ్లీ క్యారెట్ మీద నీళ్లు పోశాడు. ఆ తర్వాత నెలాఖరు వచ్చింది. నా జీతం కవరు ఎప్పటిలాగే పూర్తిగా అమ్మ చేతిలో పెట్టాను. కోత లేదన్న సంగతి ఆయన కచ్చితంగా గమనించే ఉంటాడు.

రిజిస్ట్రీ రోజున చేవెళ్లలో డాక్యుమెంట్ రైటర్ రేకుల గది ముందు అందరం కలిశాం. కొనేవాడు ఈసారి కూడా స్నేహితుణ్ణి వెంట తెచ్చుకున్నాడు. నలభై లోపు మనిషి, కళ్లద్దాలు, చేతిలో తోలు సంచి. మధ్యవర్తి గోడకు ఆనుకుని ఫోన్ మాట్లాడుతున్నాడు.

రైటర్ పెన్ను తీసి అడిగాడు. "ఎంత రాయమంటరు?"

"అయిదు" అన్నాడు మధ్యవర్తి, ఫోన్ పక్కకు పెట్టకుండానే.

"ఇరవై ఒకటి రాయండ్రి" అన్నాడు బాపు.

నేను బాపుకు లెక్క తప్పిందనుకున్నాను. మా మాట పద్దెనిమిది. ఆ మూడు లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి?

కొనేవాడు తల ఊపాడు. "అవును, ఇరవై ఒకటే. నేను ఇస్తున్నది అంతే. రైతులు చెక్కు తీసుకోరు, నగదే కావాలంటారు అని నాకు చెప్పారు. నెల రోజులు ఆ నగదు ఎలా తేవాలా అని తిరిగాను. నాది జీతం డబ్బు, నాకు నగదుతో పనేంటి? ఈయన ఉత్తరం రాసేదాకా, వీళ్లకు చెక్కు అంటే ఎందుకు భయమో, భూమిలో ఏదైనా తిరకాసు ఉందేమో అనుకున్నాను."

అప్పుడు అర్థమైంది. తక్కువ రాయమని మేం అడగలేదు, కొనేవాడూ అడగలేదు. మధ్యలో ఉన్న మనిషి ఒక్కడే రెండు వైపులా రెండు మాటలు చెప్పాడు. ఇరవై ఒకటి, పద్దెనిమిది పక్కపక్కన ఒకే కాగితం మీదకు వస్తే ఆ మూడు లక్షలు ఆయన చేతి నుంచి జారిపోతాయి. హోటల్లో బాపు అడిగిన ఒక్క మాట 'నువ్వు ఎంత ఇస్తున్నవ్?' అని. చెప్పిన ఒక్క మాట 'అంతే రాద్దాం' అని.

రైటర్‌కు మాత్రం ఇదంతా అనుమానంగానే ఉంది. కళ్లద్దాలు తీసి బాపును పైనుంచి కిందకు చూశాడు. "పెద్దాయనా, పూర్తి ధర రాయమని అడిగిన రైతును నేను చూడలే. ఈ భూమి మీద కేసు గీసు ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు. ఉన్నది ఉన్నట్టు రాయి."

మధ్యవర్తి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ముఖం ఎర్రబడింది.

"నీ కమీషను నీకిస్త. రూపాయికి పైస లెక్కన ఇరవై ఒక్క వెయ్యి. ఇగో, అందరి ముందు తీసుకో" అంటూ బాపు కవరు తీశాడు. బయానా డబ్బులోంచి దాన్ని ముందే వేరుగా పెట్టి ఉంచాడు.

ఆయన కవరు లాక్కున్నాడు. అప్పుడే నా వైపు వేలు చూపించాడు. "నన్ను దొంగను చేస్తున్నవా? నీ కొడుకును అడుగు. ఆయన వాటా ఆయన ముందే తీసుకున్నడు. నువ్వు హోటల్ల కూసున్నవని ఫోన్ చేసింది గుడ ఆయనే."

అక్కడున్న మిగతా నలుగురూ నన్ను చూశారు. బాపు మాత్రం చూడలేదు.

"తెలుసు. ఎంతో చెప్పు" అన్నాడు.

"పది వేలు."

"అవి నీయే. నీకు మల్లొస్తయి. నేను ఇయ్య, వాడే ఇస్తడు."

మధ్యవర్తి వెళ్లిపోయాడు. కొనేవాడు చెక్కులు రాసి ఇచ్చి, బాపుకు నమస్కారం పెట్టాడు. అయినా వెళ్లేముందు స్నేహితుడితో కలిసి డాక్యుమెంటులో ప్రతి పేజీ మీదా సర్వే నంబరు వేలుతో చూసుకుని మరీ వెళ్లాడు.

తిరుగు బస్సులో ఇద్దరికీ సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాం. బస్సు చేవెళ్ల దాటాక నేనే అడిగాను.

"ఎప్పుడు తెలిసింది బాపూ?"

"ఫోను చూసిననాడే అనుమానం. హోటలు తలుపు కాడికి వచ్చి మర్లిపోయినవ్ చూడు, అప్పుడు తెలిసింది."

"మరి అడగకపోతివి?"

"అడిగిన గద. ఆఫీసుల అడ్వాన్సు అన్నవ్."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. మళ్లీ ఆయనే అన్నాడు. "నేను గుడ తప్పు చేసిన. నీ తోటి కూసోని పైసల సంగతి ఎన్నడు మాట్లాడలే. నేను చేసేది చూసి నేర్చుకుంటవనుకున్న."

ఆ పది వేలు తీర్చడానికి నాకు పది నెలలు పట్టింది. మొదటి నెల వెయ్యి పట్టుకుని వెళ్తే మధ్యవర్తి తీసుకోలేదు. ఇందులో ఏం మెలిక ఉందో, తనతో ఏ కాగితం మీద సంతకం పెట్టించుకుంటారో అని అడిగాడు. చివరికి ఎరువుల దుకాణంలో ఆయన తమ్ముడి చేతికి ఇచ్చి రశీదు రాయించుకున్నాను. పది రశీదులు. తర్వాతి ఏడాది మా పక్క ఎకరం మేం అమ్మినదానికి రెట్టింపు ధరకు పోయింది. అప్పుడు ఊళ్లో కొందరు మా బాపును చూసి నవ్వారు. ఆయన ఆ ధర విని, "వాళ్లకు మంచిగైంది" అని ఊరుకున్నాడు. నాకు మాత్రం కడుపు మండింది.

చెక్కులు మారిన వారం బాపు పదో వంతు కట్టడానికి చర్చికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను, కాపలాకు వెళ్లినట్టే. రెండు లక్షల పది వేల చెక్కు చూసి పాస్టరు గారు కుర్చీలోంచి లేచారు. సంతోషంతో కాదు.

"ఇంత డబ్బు ఎక్కడిదన్నా? ఏమనుకోకు. ఈ మధ్య భూమి పైసలని చెప్పి, ఏవేవో పైసలు కానుకలల్ల వేస్తున్నరు. రిజిస్ట్రీ కాగితం చూపెట్టు. చెక్కు నా పేరు మీద వద్దు, సంఘం ఖాతా మీద రాయి."

బాపు వెళ్లి కాగితం తెచ్చి చూపించాడు. ఆయన కూడా ప్రతి పేజీ చదివాడు. ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే, అమ్మ చేతిలో చేట కింద పెట్టింది. "కాయితం అడిగిండా?" అని మళ్లీ చెప్పించుకుంది.

మిగిలిన డబ్బు ఏం చేయాలన్నది బాపు ఒక తెల్లకాగితం మీద రాశాడు. ఈసారి మమ్మల్ని ఇద్దరినీ మంచం మీద కూర్చోబెట్టి చదివి వినిపించాడు. సొసైటీ అప్పు మొత్తం. ఒక బోరు, పైపులు. ఇంటికి స్లాబు. మూడేళ్లు ముట్టుకోకుండా పోస్టాఫీసులో డిపాజిట్. జబ్బు చేస్తే తీయడానికి కొంత బ్యాంకులో. నా పేరు మీద ఒక మొత్తం, నా చదువుకో, వ్యాపారానికో, కానీ బండికో ఫోనుకో కాదు.

అమ్మకు చదువు రాదు. అంతా విని, "మల్ల చదువు" అంది. బాపు మళ్లీ చదివాడు. అమ్మ కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని నాకిచ్చింది.

"నువ్వు చదువు. ఆయన చదివిందే ఉన్నదో లేదో చూస్త."

చదివాను. ఒక్కొక్క అంకె దగ్గర ఆపి, వేలు మడుస్తూ సరిచూసుకుంది. నేను బోరు దగ్గర తడబడితే మొదటి నుంచి చదివించింది. మా ఇద్దరి చదువూ ఒకటే అయ్యాక కాగితం వెనక్కి తీసుకుని, తలకిందులుగా పట్టుకుని చూసింది.

"అంతా మంచిగనే ఉన్నది. ఇందుల నాదేది?"

బాపు కాగితం తీసుకుని పైనుంచి కిందదాకా చూసుకున్నాడు. దేవుడికి, సొసైటీకి, కొడుక్కి, రేపటి జబ్బుకు కూడా రాశాడు. ఇరవై ఆరేళ్లు తన పక్కన క్యారెట్ పీకిన మనిషికి ఒక్క వరుస రాయలేదు.

"ఏం కావాలె?" అన్నాడు మెల్లగా.

"బర్రె. పాల పైసలు నా చేతులనే ఉండాలె. అండ్ల పదో వంతు అడగొద్దు."

"అడగ."

"రాయి మరి."

బాపు స్లాబు పక్కనున్న అంకె కొట్టేసి తగ్గించి, కింద కొత్త వరుస రాశాడు. రాసి చూపించాడు. అమ్మ కాగితం నా ముందుకు జరిపింది.

"ఏం రాసిండో చదువు" అంది.